సెగ్రిగేట్‌కి అర్థం చెప్పినవాణ్ణి

తెల్లాపూర్ నుంచి మూసాపేట దాకా ఇంగ్లీషు చదివినవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు గానీ, సెగ్రిగేట్ అనే క్రియ నాకు తెలిసినంత బాగా తెలిసినవాడు ఆ దారిలో ఒక్కడు కూడా లేడు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను. మా హైస్కూల్లో పట్టాభిరామయ్య సారు ఆ మాట నాకు పుస్తకంలో చూపించి నేర్పలేదు. చెవి పట్టుకుని తీసుకుపోయి గొర్రెల దొడ్డిలోకి తోసి, తడిక అడ్డం పెట్టి, బయట నిలబడి పాఠం చెప్పాడు. "ఒరే ఓబులేసూ, బియ్యంలోంచి రాయి ఏరితే అది సెపరేట్. నిన్ను పిల్లకాయల మందలోంచి తీసి, ఇక్కడ పెట్టి, మళ్లీ వాళ్లతో కలవకుండా తడిక వేస్తే అది సెగ్రిగేట్. ఎక్కిందా?" అన్నాడు. నాకు ఎక్కిందో లేదో గానీ నా పక్కన ఉన్న పొట్టేలు తలూపింది. ఆ తరువాత ఆ పొట్టేలు ఏ గొర్రె పక్కకి పోయినా ముందు మర్యాదగా జరిగి నిలబడేదట.

మాది రాయచోటి పక్కన ఒక పల్లె. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయాను. ఇంటావిడ పోయాక మా అబ్బాయి మధుసూదన్ వచ్చి నన్ను తెల్లాపూర్‌లో వాళ్ల ఫ్లాటుకి తెచ్చుకున్నాడు. ఆ గేటెడ్ కమ్యూనిటీ పేరు చెప్పను. ఇంగ్లీషులో ఉంటుంది, అందులో సరస్సు అనే మాట ఉంటుంది, ఎంత వెతికినా సరస్సు ఉండదు. పందొమ్మిదో అంతస్తు. ఇంట్లో మధు, కోడలు ఆమని, మనవరాలు రసజ్ఞ, ఆమని వాళ్లమ్మ అమ్మణ్ణి గారు. వియ్యపురాలు, నేను ఒకే కప్పు కింద ఎట్లా ఉంటామని మా ఊళ్లో కొందరు ఎగతాళి చేశారు. ఆవిడ నన్ను అన్నయ్య గారూ అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. టీవీ దగ్గర తప్ప మాకు తగాదా లేదు.

వచ్చిన రోజే మధుకి ఒక మాట చెప్పేశాను. ఇంటి మనిషిగా అయితే ఉంటాను. చుట్టం లెక్కన చూసిన రోజు బస్సెక్కుతాను, నాకు బస్సుల వేళలు ఎవరూ చెప్పక్కరలేదు. వాడు నవ్వి, "ముందు ఇక్కడ నిలబడు నాయనా, ఒక ఫొటో" అని బాల్కనీలో నిలబెట్టి ఫోనులో ఫొటో తీశాడు. తలకి తువ్వాలు చుట్టుకుని, ప్రయాణపు చొక్కాతో, పళ్లన్నీ కనపడేట్టు నవ్వాను.

ఇక సెగ్రిగేట్ సంగతి. మా కమ్యూనిటీలో తడి చెత్త, పొడి చెత్త కలిపి పారేస్తున్నారని క్లబ్‌హౌసులో మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు విశ్వేశ్వరరావు గారు నోటీసు చదివారు. భీమవరం వైపు మనిషి, ప్రభుత్వంలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, మాట మాటకీ అండి తగిలిస్తారు. నోటీసులో 'సెపరేట్' అని ఉంది. నేను లేచాను. సెపరేట్ అంటే వట్టి వేరు చేయడమే, అన్నదమ్ములు వేరుపడ్డట్టు. పొద్దున వేరుపడి సాయంత్రం పెళ్లిలో పక్క పక్కన కూచుంటారు. సెగ్రిగేట్ అంటే మందలోంచి తీయడం. గాలికుంటు వచ్చిన గొర్రెని మందలోంచి లాగి వేరే దొడ్డిలో కట్టేస్తామే, అది. తీయడం ఒక్కటే కాదు, తీసినదాన్ని మళ్లీ కలవనివ్వకపోవడం కూడా ఆ మాటలోనే ఉంది. వాడేటప్పుడు ఫలానా దాన్ని ఫలానా దాని 'ఫ్రమ్' సెగ్రిగేట్ చేయాలి, ఆ ఫ్రమ్ మరిచిపోకూడదు. ఇట్లా చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు గారు తన పెన్నుతోనే నోటీసు దిద్దారు.

ఇక్కడ ఒక చిన్న సవరణ చేసుకోవాలి. పట్టాభిరామయ్య సారు నిజంగా ఉన్నాడు గానీ ఆయన లెక్కల సారు. గొర్రెల దొడ్డి కూడా ఉంది గానీ అందులోకి నన్నెవరూ తోయలేదు, బడి ఎగ్గొట్టి నేనే పోయి కూచునేవాణ్ణి. సెగ్రిగేట్ అనే మాట నేను మొదటిసారి విన్నది ఆ మీటింగు రోజు పొద్దున, ఇడ్లీ తింటూ. రసజ్ఞ ట్యాబ్‌లో చూసి చెప్పింది, ఆ మాట పుట్టుకలో మంద అనే అర్థం ఉందట తాతా అని. పుట్టుక ఇంగ్లీషువాళ్లది, మంద నాది. రెండూ కలిపి మీటింగులో వడ్డించాను.

ఆ తరువాత కొన్నాళ్లు మా కమ్యూనిటీలో ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. పచ్చ డబ్బా, నీలం డబ్బా వచ్చాయి. కొబ్బరి చిప్ప తడా పొడా అన్నదాని మీద ఒక ఆదివారం మొత్తం పోయింది. నన్ను చెత్త తనిఖీకి పెద్దగా వేశారు. పొద్దున్నే ఒక్కో ఇంటి ముందు నిలబడి డబ్బా మూత తీసి చూసేవాణ్ణి. ఎవరింట్లో కాకరకాయ ఎవరూ తినడం లేదో, ఎవరు డైటింగని చెప్పి బిర్యానీ తెప్పించుకుంటున్నారో అన్నీ తెలిసిపోయేవి. మా ఇంట్లో వంట చేసే కమలమ్మ నన్ను చూసి, "పెద్దయ్యా, నువ్వు చెత్త చూస్తున్నవా, జాతకం చూస్తున్నవా" అనేది. పాలమూరు నుంచి వచ్చి చందానగర్‌లో కిరాయికి ఉంటుంది. పొద్దున నేను నడక ముగించే వేళకి ఆమె గేటు దగ్గర దిగుతుంది. ఇద్దరం ఒకే లిఫ్టులో పైకి పోయేవాళ్లం. పందొమ్మిది అంతస్తులు పోయేలోపు నేను ఒక కథ చెప్పాలి, ఆమె నమ్మకూడదు. అదీ మా ఒప్పందం.

మాట బాగుంటే జనం దాన్ని ఊరికే వదలరు. చెత్త అయ్యాక పార్కులో కుక్కల్ని పిల్లల నుంచి సెగ్రిగేట్ చేశారు. అదీ మంచిదే. తరువాత ముసలివాళ్ల బెంచీలు. ఆ తరువాత ఒక రోజు లిఫ్టు అద్దం పక్కన కొత్త నోటీసు. డొమెస్టిక్ హెల్పర్స్ షల్ బీ సెగ్రిగేటెడ్ ఫ్రమ్ రెసిడెంట్స్. పనివాళ్లు, డెలివరీ వాళ్లు ఇకనుంచి వెనక వైపు సర్వీస్ లిఫ్టులోనే పోవాలి. చెత్త బండ్లు ఎక్కే లిఫ్టు అది. ఆ నోటీసు ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నాను. ఫ్రమ్ కూడా పెట్టాల్సిన చోటే పెట్టారు. నేను నేర్పిన వాడుక ఎక్కడా తప్పలేదు.

ప్రెసిడెంటు గారి దగ్గరికి పోయి, నేను ఇచ్చిన మాట చెత్తకి సారూ, మనుషులకి కాదు అన్నాను. ఆయన నన్ను కూచోబెట్టి కాఫీ ఇప్పించారు. "ఎవర్నీ తక్కువ చెయ్యడం కాదండి ఓబులేసు గారూ, రద్దీ తగ్గించడం కోసమండి. ఆ లిఫ్టు కూడా పందొమ్మిదో అంతస్తుకే పోతుంది కదండీ" అన్నారు. కాఫీ బాగుంది. మొత్తం తాగాను. లేచి వచ్చేశాను. కమలమ్మకి ఆ మాటే చెబితే, "నీ గొర్ల మాట మా మెడకు చుట్టినవు పెద్దయ్యా. ఇగ ఎట్లయినా నీ కథలు వినే బాధ తప్పె" అని నవ్వింది. నవ్వింది గాని మర్నాడు నా మొహం వైపు చూడకుండా వెనక వైపుకి పోయింది.

జనం మాట వినడం లేదని కొన్నాళ్లకి యంత్రం తెచ్చారు. కింద లాబీలో, లిఫ్టుల ముందు, గోడకి బిగించారు. దాని ముందు మొహం పెడితే, ఫ్లాటుకి వచ్చేపోయేవాళ్ల పేర్లూ ఫొటోలూ ఎక్కించే గేటు యాప్‌లో ఉన్న ఫొటోతో పోల్చి చూస్తుంది. రెసిడెంట్ అయితే పచ్చలైటు, లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది. కాకపోతే ఎర్రలైటు. కిందికి దిగడానికి మాత్రం ఏ మొహమైనా పనికొస్తుంది, పరీక్ష ఎక్కడానికే.

యంత్రం మొదలుపెట్టిన రోజు పొద్దున నేను నడకకి పోయి తిరిగొచ్చేసరికి లాబీలో చిన్న గుంపు. పండగలాగా ఉంది. ప్రెసిడెంటు గారు మొదట మొహం పెట్టారు, పచ్చలైటు వచ్చింది, అందరూ చప్పట్లు. ఆ తరువాత ఇద్దరు ముగ్గురు. "రండి ఓబులేసు గారూ, ఈ మాట మీదే కదండీ, మీరూ ఒకసారి" అని నన్ను ముందుకి తోశారు. తువ్వాలు సర్దుకుని నిలబడ్డాను.

ఎర్రలైటు వచ్చింది. ఆడగొంతు ఒకటి, చాలా మర్యాదగా, "హెల్పర్. ప్లీజ్ యూజ్ సర్వీస్ లిఫ్ట్" అంది.

అందరూ నవ్వారు. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను. యంత్రానికి నిద్ర వదల్లేదన్నాను. తువ్వాలు తీసి మళ్లీ మొహం పెట్టాను. అదే గొంతు, అదే మాట. మూడోసారి నవ్వినవాళ్లు తక్కువ. సెక్యూరిటీ చంద్రయ్య నా స్నేహితుడే, రోజూ గేటు దగ్గర బీడీ కట్టలో సగం నా దగ్గరే దాచుకుంటాడు, వాళ్లావిడకి భయపడి. అతను తన ఫోను తీసి చూశాడు. చూసి జేబులో పెట్టేసుకున్నాడు. ఏముందయ్యా అంటే, "ఏం లేదు పెద్దసారు, మిషిన్ గడ్‌బడ్ చేస్తుంది" అన్నాడు. అతనికి అబద్ధం చెప్పడం రాదు. ఆ విద్య ఉన్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసిపోతుంది. చెయ్యి చాపాను. ఫోను ఇచ్చాడు.

మా ఫ్లాటు నంబరు. కింద నా పేరు, ఓబులేసు. దాని పక్కన ఇంగ్లీషులో డైలీ హెల్ప్. పైన నా ఫొటో.

యంత్రం పొరబడిందంటే నమ్మేవాణ్ణి. ఆఫీసులో ఎవడో కుర్రాడు తప్పు నొక్కాడంటే నమ్మేవాణ్ణి. కానీ ఆ ఫొటోలో నేను బాల్కనీలో నిలబడి ఉన్నాను. తలకి తువ్వాలు, ప్రయాణపు చొక్కా. పళ్లన్నీ కనపడేట్టు, నా కొడుకుని చూసి నవ్వుతున్నాను.

ఎవరో మంచినీళ్లు తెమ్మన్నట్టున్నారు. ప్రెసిడెంటు గారు, "ఏదో పొరపాటండి, నా మొహంతో తీస్తాను, మీరు నాతో వచ్చేయండి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నా కాళ్లు మాత్రం అప్పటికే వెనక వైపుకి తిరిగాయి. యంత్రం చెప్పిన దారినే పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ చెప్పలేను.

సర్వీస్ లిఫ్టులో ఒక చెత్త బండి, నీళ్ల క్యాన్లు మోసే మనిషి, ఇస్త్రీ బట్టల మూట, కమలమ్మ ఉన్నారు. నన్ను చూసి ఆమె జరిగి చోటిచ్చింది. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం చూసి నాకు రెండో దెబ్బ తగిలింది. నీకు ముందే తెలుసా అన్నాను.

"నా ఫోన్ల మీ ఇంటికి పనిచేసేటోళ్ల పేర్లు అవుపడ్తయి పెద్దయ్యా. నా పేరు, దాని కింద నీ పేరు. చానా దినాల సంది చూస్తున్న."

మరి చెప్పలేదేమే అంటే, నీకు ఎరికే అనుకున్న, ఎరిక లేకుంటే నా నోటితోని ఎట్ల చెప్పాలె అంది. కొడుకుని అడిగేదేదో అన్నం తిన్నాక అడగమంది. ఆకలిమీద అడిగితే జవాబు సక్కగా రాదని. పందొమ్మిదో అంతస్తు వచ్చేదాకా నేను కథ చెప్పలేదు. ఆమె ఇంట్లోకి పోయి టీ పెట్టి, నాకు గ్లాసులో కాక పింగాణీ కప్పులో, సాసరు పెట్టి తెచ్చింది. చుట్టాలకి తెచ్చే కప్పు. ఆమె దయతో చేసిన పని అది. నేను తాగలేకపోయాను.

పగలంతా సంచి సర్దుకున్నాను. నా బట్టలకి అంతసేపు పట్టదు. ఒక్కో చొక్కా మూడుసార్లు మడత పెట్టాను. ఆమని మీటింగుల్లో గది తలుపేసుకుని ఉంది. అమ్మణ్ణి గారు రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి, టీవీ నా చానల్లోనే పెట్టానని చెప్పి పోయింది. ఆవిడ నాకు చానల్ వదిలేసిందంటే కింద జరిగింది పైకి తెలిసిపోయిందన్నమాట.

సాయంత్రం మధు ఆఫీసునుంచి వచ్చాడు. అన్నం తిననిచ్చాను. తిన్నాక నా ఎదురుగా కూచోమన్నాను. ఆమని, అమ్మణ్ణి గారు, రసజ్ఞ ముగ్గురూ చేతుల్లో ఉన్న పని ఆపేశారు.

"ఆ ఫొటో ఎవరు తీసినారు మధూ?"

వాడికి వెంటనే అర్థం కాలేదు. తరువాత అర్థమయింది. వాడి మొహంలో రంగు దిగిపోవడం నేను కూచున్న చోటికి కనపడింది.

"నేనే నాయనా."

"పనివాళ్ల కింద వేసింది?"

"నేనే."

చెప్పుకొచ్చాడు. యాప్‌లో ఒక ఫ్లాటుకి నలుగురికే చోటు ఉంటుందట. ఇల్లు ఆమని పేరు మీద ఉంది కాబట్టి ఆమె ఓనరు, ఆ పేరు కదపడానికి లేదు. మిగతా మూడు చోట్లలో వాడు, పాప, అమ్మణ్ణి గారు. నేను వచ్చేసరికి నిండిపోయింది. గెస్టుగా వేస్తే నేను గేటు దాటిన ప్రతిసారీ వాడికి ఫోను పోతుంది. నేను రోజుకి ఎన్నిసార్లు బయటికి పోతానో లెక్కలేదు. వాడు మీటింగులో ఉండి ఎత్తకపోతే నన్ను గేటు బయట ఎండలో నిలబెడతారు. పనివాళ్లకయితే ఆ గొడవ లేదు, ఒకసారి వేస్తే ఎవరూ ఏమీ అడగరు. నిన్ను ఎవరూ ఆపకూడదనే చేశాను నాయనా, అప్పుడు ఈ లిఫ్టుల గోల లేదు, అది వట్టి క్యాటగిరీ అనుకున్నాను అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. ప్రేమతోనే చేశాడు. అదే నాకు మింగుడుపడలేదు. కోపంతో చేసి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. ఇంత ప్రేమగా, ఇంత ఆలోచించి, ఒక్కసారి కూడా ఉలిక్కిపడకుండా ఆ బటన్ ఎట్లా నొక్కాడా అని చూస్తూ ఉండిపోయాను.

"చుట్టం లెక్కన చూడొద్దంటిని. మాట నిలబెట్టుకున్నావు నాయనా. చుట్టంగా మాత్రం వేయలేదు" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. ఆమని, నాకొక్క మాట చెప్పలేదేం మధూ అంది. ఫోను తీసి, ఇప్పుడే మార్చేస్తానన్నాడు. తీశాడు గాని వేలు అట్లాగే ఆగిపోయింది. నన్ను లోపల పెట్టాలంటే ఇంకొకర్ని తీయాలి. ఆ సంగతి అందరికీ ఒకేసారి తట్టింది.

"నా పేరు తీసెయ్యండి అల్లుడుగారూ. నేను కిందికి దిగేదే తక్కువ" అంది అమ్మణ్ణి గారు. రసజ్ఞ, నన్ను తీసెయ్ నాన్నా, నేను మెట్లెక్కుతాను అంది. ఆ పిల్ల ఆ మాట అన్నాక ఆమని మొహం అటు తిప్పుకుంది. నాకు తలనిండా సెగ్రిగేట్ అర్థం తిరగడం మొదలుపెట్టింది. ఎవర్ని తీసినా అదే పని. ఎవర్నీ తీయొద్దు, పొద్దున నాకు బస్సుంది అని చెప్పి లేచిపోయాను.

పొద్దున నేను సంచి తీసుకుని బయటికి వచ్చేసరికి మధు ఆఫీసు బట్టలు వేసుకుని, మెడలో కంపెనీ కార్డుతో, వీపుకి ల్యాప్‌టాప్ బ్యాగుతో గుమ్మంలో ఉన్నాడు. నా సంచి లాక్కున్నాడు. దింపుతానన్నాడు. ఇద్దరం కిందికి దిగాం. లాబీలో జనం ఉన్నారు, ఆఫీసులకి పోయే వేళ. వాడు యంత్రం దగ్గర ఆగి, "ఒక్కసారి దాని ముందు నిలబడు నాయనా. తరువాత నీ ఇష్టం" అన్నాడు.

నేను నిలబడనన్నాను. వాడు కదల్లేదు. చంద్రయ్య దూరం నుంచి, "జర నిలబడరాదు పెద్దసారు" అన్నాడు. నిలబడ్డాను. కళ్లు మూసుకున్నాను కూడా.

"వెల్‌కమ్, రెసిడెంట్" అంది గొంతు. లిఫ్టు తలుపు తెరుచుకుంది.

అమ్మణ్ణి గారిని తీశాడా, పిల్లని తీశాడా అని వాడి వైపు తిరిగాను. వాడు నన్ను పక్కకి జరిపి తనే యంత్రం ముందు నిలబడ్డాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాతో, మెడలో కార్డుతో, ఎంత పెద్ద టీముకో మేనేజరు.

ఎర్రలైటు. "హెల్పర్. ప్లీజ్ యూజ్ సర్వీస్ లిఫ్ట్."

లాబీలో ఎవరూ నవ్వలేదు. మధు నా సంచి భుజానికెత్తుకున్నాడు.

"నువ్వు ముందు లిఫ్టులో పైకి పో నాయనా. సంచి నేను వెనకనుంచి తెస్తాను. ఇప్పుడది నా పని."

చెప్పి నిజంగానే వెనక వైపుకి పోయాడు. నా ముందు అద్దాల లిఫ్టు తలుపు తెరిచే ఉంది. అందులో నేను ఒక్కణ్ణే నాలుగు వైపులా కనపడుతున్నాను. ఆఫీసులో తప్పు జరిగితే వాడు మెయిల్ రాసి సర్దుకుంటాడు, నాకు మెయిల్ చదవడం రాదు, వాడికి బతిమాలడం చిన్నప్పటినుంచీ రాదు. క్షమించు నాయనా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట అనాల్సిన చోట ఈ పని చేశాడు.

తలుపు మూసుకోకముందే నేను కూడా వెనక్కి నడిచాను. సర్వీస్ లిఫ్టు నిండి ఉంది. కమలమ్మ, ఇద్దరు పనమ్మాయిలు, పాల క్రేట్లు, మధ్యలో నా కొడుకు, సంచి తలమీద పెట్టుకుని. నన్ను చూసి, చోటు లేదు నాయనా అన్నాడు.

"ముప్పై ఏళ్లు బస్సులో చెప్పిన మాట. లోపలికి జరగండి, ఇంకా లోపలికి" అన్నాను. జరిగారు. ఎక్కాను.

పైకి పోతుంటే కమలమ్మ మధుని ఎగాదిగా చూసి, "సారూ, కొత్తగ చేరిన్రా, ఎన్ని ఇండ్లు పట్టుకున్నరు" అంది. వాడి కళ్లనిండా నీళ్లుండగా వాడు నవ్వడం అప్పుడు చూశాను. ఇంట్లోకి పోయేసరికి ఆమని గుమ్మంలో ఉంది. విషయం విని, మొగుణ్ణి పైనుంచి కిందికి చూసి, ఈ క్యాటగిరీలో వేస్తే నాగా పెట్టకుండా రావాలి, అంట్లు కూడా తోమాలి అంది. సంచి ఎవరు విప్పారో నాకు తెలియదు. నా చొక్కాలు సాయంత్రానికి బీరువాలో ఉన్నాయి. బస్సు మాట నేనూ ఎత్తలేదు, వాళ్లూ ఎత్తలేదు.

మధు ఆ తరువాత కూడా వెనక లిఫ్టులోనే పోయేవాడు. కంపెనీ కార్డు మెడలో వేసుకుని చెత్త బండి పక్కన నిలబడే మనిషిని జనం రెండు రోజులు వింతగా చూశారు. మూడో రోజు అదే అంతస్తులో ఉండే కుర్రాడొకడు వచ్చి, వాళ్లమ్మని నర్సు కింద వేశానని మధుతో చెప్పుకున్నాడు. ఇంకొకామె మామగారిని డ్రైవరు కింద వేసిందట, ఆయనకి సైకిలు కూడా రాదు. ఎక్కడికక్కడ ఇట్లాంటివి బయటపడేసరికి మళ్లీ క్లబ్‌హౌసులో మీటింగు పెట్టారు.

ఆ మీటింగుకి వస్తూనే ప్రెసిడెంటు విశ్వేశ్వరరావు గారు పైన కళ్లజోడు మరిచిపోయానని యంత్రం ముందు నిలబడ్డారు. అది ఎర్రలైటు వేసి, "హెల్పర్" అంది. వాళ్లబ్బాయి ఆదర్శ్ అంతకుముందు రోజే తన అత్తగారికి చోటు కావాలని ఆయన్ని తోటమాలి కింద మార్చాడట. పెద్దాయన మొహం చూడాలి. పట్టుపంచె కట్టుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, కిక్కురుమనకుండా వెనక వైపుకి నడిచారు. చెత్త బండిని ఆనుకుని పైకి పోయారు. దిగివచ్చి మీటింగులో మొదటి తీర్మానం తనే చదివారు, యంత్రం తీసేద్దామండి అని.

మీరు ఇక్కడ సంతోషపడి ఉంటారు. నేనూ పడ్డాను, రాసేటప్పుడు. నిజానికి మీటింగులో జరిగింది ఇంత: ఫ్లాటుకి నలుగురి చోట ఆరుగురని మార్చారు. మధు మళ్లీ రెసిడెంటయ్యాడు, అందరం ఒకే మందలో పడ్డాం. నోటీసు నోటీసులాగే ఉంది, యంత్రం కూడా ఉంది, కమలమ్మ ఇప్పటికీ వెనక లిఫ్టులోనే వస్తుంది. పొద్దునపూట నేను అందులోనే ఎక్కి ఆమెకి కథ చెబుతాను. తీసేయమని ప్రెసిడెంటు గారిని వారానికోసారి అడుగుతాను, ఆయన వారానికోసారి కాఫీ ఇస్తారు. ఆయన మొహానికి ఆ యంత్రం మొదటి రోజునుంచీ పచ్చలైటే వేస్తోంది. పట్టుపంచె, తోటమాలి, చెత్త బండి, అదంతా నేను కల్పించాను. ఇంకెవరూ ఆ వెనక లిఫ్టు ఎక్కించేట్టు లేరని నేనే ఆయన్ని ఒకసారి ఎక్కించాను.